టోపీ వేపుడు

ఆ ఆగస్టులో ఉత్తర ఇంగ్లండులోని మా ఓల్డమ్ నూలు మిల్లులు సెలవులకు మూతపడగానే ఊరు ఊరంతా బ్లాక్‌పూల్ సముద్రతీరానికి తరలింది. అక్కడ సినిమా తీస్తున్నారని, అందులో మా వీధి ఫ్లోరీ ఎంట్విసిల్ పాట ఉందని తెలిసి అందరం ఇసుకలో మూగాం. ఫ్లోరీ ఒకప్పుడు మాతోపాటు మగ్గాల మీద పనిచేసింది. తర్వాత నాటకశాలల్లో హాస్యపాటలు పాడి పేరు తెచ్చుకుంది.

సినిమాలో ఆమె చేపలు వేయించి అమ్ముతుంది. తనను చూసి మొహం చాటేసే ప్రియుణ్ణి ఏడిపిస్తూ పాడాలి. దర్శకుడు కార్‌డ్యూ ఆ పాటను ముందే లండన్‌లో, దొరసానిలా పలకమని పట్టుబట్టి పాడించాడు. ఇక్కడ రికార్డు మోగుతుంటే ఫ్లోరీ పెదవులు కదిపితే చాలు.

రికార్డు మోగింది. మేం గొల్లుమన్నాం.

"ఎవరిదే ఆ గొంతు? దొరసానిని మింగేశావా ఏంటి?" అని మాతో మగ్గం మీద పనిచేసే ఆగ్నెస్ అరిచింది.

కార్‌డ్యూ మొహం జేవురించింది. "నోరు మూసుకోండి అందరూ!"

"వాళ్లనెందుకు అంటావు నాయనా? నాకే నవ్వాగట్లేదు," అంది ఫ్లోరీ. "అది ఆపెయ్. నేనే పాడతా."

"వాద్యాలు లేవండీ! పైగా మీ యాస లండన్‌లో ఎవరికి అర్థమవుతుంది?"

"ఏం, వాళ్లకి చెవుల్లేవా? ఒక్కసారి విను. నచ్చకపోతే నీ దొరసానికే పెదవులాడిస్తా."

మైకు దగ్గరికి జరిపారు. ఫ్లోరీ గొంతెత్తింది. మా చప్పట్లే తాళం. రెండో చరణంలో గాలి విసురుకి ఆమె టోపీ ఎగిరి సలసల కాగుతున్న చేపల మూకుడులో పడింది. ఆమె పాట ఆపలేదు. తాళం తప్పకుండా టోపీని అటూ ఇటూ తిప్పి వేయించి, పళ్లెంలో పెట్టి ప్రియుడి వేషం వేసిన హీరో ముందుంచింది.

"ఉప్పు చాలిందా, బంగారం?"

బిగుసుకుని నిలబడ్డ ఆ లండన్ నటుడు పొట్ట పట్టుకుని ఇసుకలో కూలబడ్డాడు. కార్‌డ్యూ 'కట్' అనడం మరిచిపోయాడు. కెమెరాలో ఫిల్ము అయిపోయాకే అది ఆగింది.

"ఇంకోసారి చేస్తారా?" కళ్లు తుడుచుకుంటూ అడిగాడు కార్‌డ్యూ.

"చెయ్యను. టోపీ వేగిపోయింది. ఇదే వాడుకో."

"అయితే... రేపటి మాటలు కూడా మీ యాసలోనే చెప్పండి."

"ఇప్పుడు దారికొచ్చావు."

సినిమా లండన్‌లోనూ బాగా ఆడింది. వసంతంలో కార్‌డ్యూ కొత్త కథ పట్టుకుని ఓల్డమ్ వచ్చి, ఫ్లోరీ తలుపు తట్టాడు. ఆమె పిండి చేతులతోనే తలుపు తీసింది.

"రా నాయనా, కూర్చో. ముందు కథ చెప్పు. నేను నవ్వితేనే టీ."