పచ్చసిరా సంతకం

డిగ్రీ చదివే రెబెకా, కెన్యా విద్యార్థులతో కలిసి ఆరు నెలలు ఆన్‌లైన్‌లో మెట్టసేద్యం నేర్చుకుంది. ఆ సర్టిఫికెట్‌ను మార్కుల్లో ఎక్కించుకోవడానికి ఇవాళే ఆఖరు. ఈ పని మీద దొనకొండ నుంచి మార్కాపురం కాలేజీకి రావడం ఇది మూడోసారి.

“గుండ్రటి ముద్ర ఏదమ్మా?” అన్నాడు గుమాస్తా.

“వాళ్లు ముద్రలెయ్యరు సార్. కిందున్న కోడ్‌ను ఫోన్‌తో స్కాన్ చేస్తే అసలుదేనని కనపడతాది.”

“నాకు కనపడితే చాలదు, ఫైలుకు కనపడాల. జెరాక్సు మీద గెజిటెడ్ సంతకం పెట్టించుకురా, పో.”

దగ్గర్లో గెజిటెడ్ ఆఫీసరంటే పశువుల డాక్టరే అని, కాళ్లీడ్చుకుంటూ పశువుల ఆస్పత్రికి పోయింది. డాక్టరు చేతులు కడుక్కొని, స్కాన్ చేసి, సర్టిఫికెట్ మొత్తం చదివాడు. ఇన్నాళ్లకు దాన్ని ఒకరు చదవడం చూసి, రెబెకా అక్కడున్న బల్ల మీద కూలబడింది.

“కెన్యాలో గూడ కందులేనా అమ్మా?” అన్నాడాయన, పచ్చసిరాతో సంతకం చేస్తూ.

“కందులే సార్. వాళ్లకీ వాన రాదు.”

సాయంత్రం గుమాస్తా ఆ సంతకం ఒక్కటే చూసి, కాగితాన్ని ఫైల్లో పెట్టుకున్నాడు.