పొద్దుగాల ముప్పై

ఇచ్చోడ దొరగారి నల్లకారు రోడ్డు మీదికి వస్తే ఆగి చూడనివాడు లేడు. పోలీసు చర్య తరువాత ఎవరో నవాబుగారి సామాను వేలం వేస్తే దొర పాడుకొని తెచ్చిన బండి అది. పదిహేనేళ్లు గడిచినా దాని దర్పం తగ్గలేదు గాని టైర్లు మాత్రం అరిగిపోయాయి. ఆ కొలతవి మళ్లీ ఎక్కడా దొరకలేదు. చివరికి వెనుక చక్రాలకు వేరే బండివి తెచ్చి ఎక్కించారు.

వాటికి గాలి ఎంత కొట్టాలో చెప్పే మేస్త్రీ ఆదిలాబాదు దాకా వెతికినా లేడు. ఎక్కువైతే దొరగారి ముసలి తల్లి నడుము పోయేది, తక్కువైతే టైరే పోయేది. డ్రైవరు అంబదాస్ రెండు ఎండాకాలాలు తంటాలు పడి, తిట్లు తిని, ఆ లెక్క పట్టుకున్నాడు. అది తన దగ్గర ఉన్నన్నాళ్లు తనను ఎవరూ కదపలేరని అతని ధీమా. ఎవరడిగినా నవ్వి ఊరుకునేవాడు.

అలాంటి మనిషి బామ్మర్ది దగ్గర నోరు విప్పాడు. భార్య పోరు అలాంటిది మరి. "నాకున్నది ఒక్క తమ్ముడు. లారీల మీద ఎన్నేండ్లు తిరుగుతడు? జర నీ పని నేర్పరాదు?" అని గంగుబాయి చెవిలో జోరీగలా తిరిగింది. తమ్ముడు వెంకటి మాట తేనె. "బావా, నువ్వు లేకుంటే నేనేడ?" అంటూ వెంటే ఉండేవాడు. అంబదాస్ కరిగిపోయాడు.

"ఎనక టైర్లకు పొద్దుగాల ముప్పై. ఇన్నవా? పొద్దుగాల. బండి నడిచి ఎండ తాకినంక గాలి ఉబ్బుతది, గేజి ఎక్కువ చూపెడ్తది. అప్పుడు ముట్టొద్దు."

"సమజైంది బావా. ముప్పై."

వారం తిరక్కముందే దొర పిలిపించాడు. "అంబదాస్, నీకు కండ్లు సరిగ ఆనుతలేవంట గద. ఇంక ఇంటికాడ ఉండు. వెంకటి నడుపుతడు."

"ఎవలు చెప్పిన్రు దొరా?"

"నీ బామ్మర్దే. పాపం, నీ మేలు కోరే చెప్పిండు."

అంబదాసుకు అప్పుడు గుర్తొచ్చింది. మొన్న జిన్నింగు మిల్లు దగ్గర కంట్లో పత్తి నలక పడి నీరు కారింది. రెప్ప విప్పి, మెల్లగా ఊది, ఆ నలక తీసింది ఈ వెంకటే. తీసిన చేత్తోనే దాన్ని తీసుకుపోయి దొర దగ్గర అమ్ముకున్నాడు. పరాయివాడు చేస్తే కోపం వచ్చేది. అయినవాడు చేసేసరికి సిగ్గేసింది, మోసపోయిన తన మీదే సిగ్గు.

రెండు రోజుల తరువాత మిట్టమధ్యాహ్నం దొర ఇంటి ముందునుంచి పోతుంటే, అప్పుడే ఆదిలాబాదు నుంచి వచ్చిన కారు కనిపించింది. వెంకటి వెనుక చక్రం దగ్గర కూర్చుని గేజి పెట్టి చూశాడు. ముప్పై అయిదు చూపినట్టుంది, బుస్సుమని గాలి వదలసాగాడు.

పగ తెలిసినవాడైతే నవ్వుకుంటూ పోయేవాడు. అంబదాసుకు ఆ తెలివి లేదు. పరుగెత్తాడు.

"తీయకు వెంకటీ! అది ఎండకు ఉబ్బిన గాలిరా. తెల్లారేసరికి తక్కువైతది, టైరు పగుల్తది!"

వెంకటి బావ ముఖం చూడలేదు, అరుగు మీది దొర ముఖం చూశాడు. "చూసిన్రా దొరా? ముప్పై అని చెప్పింది గీయనే. ఇప్పుడు తీయొద్దంటుండు. నేను నడుపుతుంటే ఓర్వలేక పరేషాన్ జేస్తుండు."

"కడుపుమంట మంచిది గాదు అంబదాస్. పో," అన్నాడు దొర.

మరునాడు దొర కుటుంబమంతా ధర్మపురి నరసింహస్వామి దర్శనానికి బయలుదేరింది. కారు నిండా మనుషులు, పైన సామాను. నిర్మల్ ఘాటు దిగుతుండగా వెనుక టైరు పేలింది. బండి గుంతలోకి జారింది. ప్రాణాలు దక్కాయి గాని ముసలమ్మ చెయ్యి విరిగింది, వెంకటి తల పగిలింది.

మధ్యాహ్నానికి దొర మనిషి అంబదాస్ గడపలో నిలబడ్డాడు. "బామ్మర్ది మీద పగతోని తప్పు లెక్క చెప్పినవా? దొర అడుగుమన్నడు."

"లెక్క సరిగనే చెప్పిన. నడుమ పొద్దుగాల అన్న మాట వాడు ఇడిసిపెట్టిండు. నిన్న దొర ముంగటనే వద్దని మొత్తుకున్న గదా."

"అందుకే అడుగుతుండు. పేలుతదని నీకు ముందుగాల్నే ఎట్ల తెలిసె?" అని వాడు వెళ్లిపోయాడు.

అంబదాస్ నవ్వబోయాడు. దొరలు అంతే, వాళ్ల మాట ఎవడికి లెక్క! ఇంట్లోకి తిరిగాడు. గంగుబాయి ఆస్పత్రికి పోవడానికి బట్టలు మూట కడుతోంది. ఏడ్చి ఏడ్చి ముఖం ఉబ్బిపోయింది.

"ఇన్నవా వాని మాటలు?" అన్నాడు.

ఆమె ముడి వేయడం ఆపి అతని వైపు చూసింది. ఇరవై ఏళ్ల కాపురంలో ఆ చూపు అతను ఎన్నడూ ఎరగడు.

"తప్పు చెప్తే చెప్పినవు. వాడు చేసింది గూడ తప్పే, నేను కాదంట లేను," అంది మెల్లగా. "గాని, వాని పానం మీదికి తెస్తవనుకోలే."

మూట చంకన పెట్టుకుని ఆమె వీధిలోకి వెళ్లిపోయింది. అంబదాస్ ద్వారబంధం పట్టుకుని నిలబడ్డాడు. నిజంగానే తప్పు లెక్క చెప్పి ఉంటే ఎంత బాగుండేదో అనిపించింది అతనికి.