మిగిలిన నాలుగు లింకులు

తప్పు జరిగిందని లేతు మేస్త్రికి తెలిసేసరికి ఉదయం ఎనిమిదయింది. పోటీ తొమ్మిదింటికి. ఆ మధ్య గంటా ఆయన ఏం వెలగబెట్టాడో వింటే మీకు ఒళ్ళు మండుతుంది. మండాలి కూడా.

పోటీ పాత రాళ్ళ క్వారీలో. రిమోటుతో నడిపే మూరెడు జీపులు బండరాళ్ళ మీదికి అంగుళం అంగుళం పాకుతూ ఎక్కాలి. చూసేవాళ్ళకి ఆటబొమ్మలే, నడిపేవాళ్ళకి మాత్రం ప్రాణం. ఆ జీపుల్లో ఇరుసుని చట్రానికి పట్టి ఉంచే అల్యూమినియం కడ్డీని లింకు అంటారు. బండి రాయెక్కితే బరువంతా కింది నాలుగు లింకుల మీదే పడుతుంది. మన మేస్త్రి చేసే లింకులకి మధ్యలో నడుము సన్నగా ఉంటుంది, రాయికి తగలకుండా. ఆ నడుము కోసమే జనం ఆయన్ని వెతుక్కుంటూ వస్తారు. ఫైనలుకి వచ్చిన ఆరు బండ్లకీ నిన్న రాత్రి కొత్తగా బిగించింది ఆయన లింకులే.

ఆ ఆరింటిలో ఒకటి ఆయన భార్యది. ఆవిడ బట్టలు కుడుతుంది. సూదిలో దారం ఎక్కించేటప్పుడు ఎంత నిదానమో, రిమోటు పట్టినా అంతే. మూడేళ్ళుగా రెండో స్థానం ఆవిడదే, మూడేళ్ళూ మొదటి స్థానం పళ్ళ డాక్టరుది. ఈసారి నిన్నటి రౌండ్లన్నీ కలిపి డాక్టరు కన్నా ఆరు పాయింట్లు ముందుంది. ఇవాళ ఒక్క పరుగు శుభ్రంగా ముగిస్తే చాలు.

మేస్త్రి తన బల్ల దగ్గర పనిముట్లు తుడుచుకుంటున్నాడు. డ్రిల్లు బిట్టు మెడకున్న రింగు చేతిలో జర్రున జారింది. లింకు కొసలో వేసే రంధ్రం ఇంతకు మించి లోపలికి పోకుండా ఆపేది ఆ రింగే. బిగించి చాలారోజులైంది మరి. ఈ బ్యాచీలో చేసింది ఇరవై ఆరు లింకులు. ఆఖరి రెండూ వేస్తున్నప్పుడు చెయ్యి కాస్త ఎక్కువ దిగినట్టు అనిపించింది. అనిపించింది, అంతే. ముప్పై ఏళ్ళ అనుభవం కదా, పట్టించుకోలేదు!

జేబులో మిగిలిన రెండు స్పేర్లు బయటికి తీసి రంధ్రంలో సన్నటి తీగ దూర్చి చూశాడు. ఒకటి బాగానే ఉంది. రెండోదానిలో తీగ తిన్నగా నడుము దాకా పోయింది. అక్కడ గోడ గుడ్డు పెంకంత మందం కూడా లేదు. అలాంటిదే ఇంకొకటి బండ్లకి ఎక్కేసింది. ఇరవై నాలుగింటిలో ఏదో ఒకటి. పాలిషు కోసం అన్నిటినీ ఒకే డబ్బాలో పోసి తిప్పాడాయె, ఏది ఎవరికి పోయిందో దేవుడికే తెలియాలి.

"ఏమండీ, మన బండి కూడా ఒకసారి చూడకూడదూ?" అంది భార్య, ఆయన చిన్న తూకం మిషనూ స్క్రూడ్రైవరూ పట్టుకుని లేస్తుంటే. ఎందుకు లేస్తున్నాడో ఆవిడకి తెలీదు.

"మనదెక్కడికి పోతుంది? ముందు వాళ్ళవి చూసొస్తా."

అదీ ఆయన వరస. ఇంట్లో ఫ్యాను ఆర్నెల్లుగా కిర్రుమంటున్నా సరే, పక్కింటివాళ్ళ పంపు మాత్రం అరగంటలో బాగుచేసి వస్తాడు.

లింకు విప్పి తూస్తే సంగతి తేలిపోతుంది. లోతు ఎక్కువైతే బరువు తగ్గుతుంది. బల్ల తరవాత బల్ల తిరిగాడు. "ఊరికే, స్క్రూలు సరిగ్గా ఉన్నాయో లేదో చూస్తున్నా" అని అబద్ధమాడాడు. నిజం చెప్తే పరువేం కావాలి! బస్సు డ్రైవరు బండి బాగానే ఉంది. లెక్కల మాస్టారిదీ బాగానే ఉంది. ఫొటోగ్రాఫరు బండి విప్పుతుంటే చెమట కళ్ళలోకి కారింది. అదీ బాగానే ఉంది. నాలుగో బండి ఎలక్ట్రీషియనుది. దానికీ ఏం కాలేదు. ఒక్కో బండి బయటపడుతున్నకొద్దీ హాయిగా ఉండాలి కదా? ఆయన మాత్రం మిగిలిన బండ్లు లెక్కపెట్టుకుంటున్నాడు.

చీటీలు తీశారు. మొదటి నంబరు ఆయన భార్యకే వచ్చింది. ఆవిడ బండి పట్టుకుని రాళ్ళ వైపు వెళ్ళడం చూశాడు. ఆయన చేతిలో డాక్టరు బండి సగం విప్పి ఉంది.

"పోటీ రోజున నా బండి విప్పడమేమిటి మేస్త్రీ?" అన్నాడు డాక్టరు. "రోజంతా నోళ్ళు చూసే ఉద్యోగం నాది. ఎవరేం దాస్తున్నారో ఇట్టే పట్టేస్తాను."

"ఒక్క నిమిషం డాక్టరుగారూ."

ఒకటి తూచాడు. రెండు. మూడు. నాలుగోది మిషను మీద పెట్టేటప్పుడు, అది చెడ్డదే కావాలని మనసులో దణ్ణం పెట్టుకున్నాడు. సిగ్గులేని మనిషి! కానీ అదీ బాగానే ఉంది. అంటే మిగిలింది ఒక్కటే బండి.

విజిలు మోగింది.

తూకం మిషనూ స్క్రూడ్రైవరూ పట్టుకుని పిచ్చెక్కినవాడిలా పరిగెత్తాడు. దారి పొడుగునా జంట జెండాలు పాతి పెట్టిన గేట్లలో అప్పటికే ఆవిడ నాలుగు దాటేసింది. మిగిలినవి రెండు. ఐదో గేటుకి ముందు జీపు ఓ బండ అంచున వేలాడుతోంది. వెనక చక్రం చీలికలో ఇరుక్కుంది, ముందు చక్రాలు గాల్లో ఉన్నాయి. కింద రెండు నిలువుల లోతు. ఆవిడ బొటనవేలు రిమోటు మీద వెంట్రుకవాసి కదిలితే బరువంతా వెనక లింకు మీదికి వస్తుంది.

"ఆపు! ఆపవే, కదపకు!"

ఆవిడ వేలు ఆగిపోయింది. తల మాత్రం తిప్పలేదు. "ఏమైంది?"

"లింకు... ఒకటి చెడిపోయింది. లోపల లోతు ఎక్కువైంది. అది మన బండిలోనే ఉంది."

"మనవి అందరికన్నా ముందు చేశానన్నారు. ప్రత్యేకంగా చేశానన్నారు."

"అన్నీ డబ్బాలో కలిసిపోయాయి" అన్నాడు మేస్త్రి. ఇది సగం నిజం.

"నేనడిగింది అది కాదు."

రిఫరీ గడియారం చూసి, "ఆరు నిమిషాలుంది" అన్నాడు. క్వారీ మొత్తం గుడ్లప్పగించి చూస్తోంది. మేస్త్రికి పారిపోవాలనిపించింది. నిజంగానే అనిపించింది. కానీ ఆవిడ మెడ వెనక చెమట చుక్క జాకెట్టులోకి జారడం కనిపించింది. కాళ్ళు కదల్లేదు.

"ముందు చెయ్యలేదు" అన్నాడు. "బాగున్నవి ఏరి అందరికీ ఇచ్చేశాను. మిగిలిన నాలుగూ నీకు బిగించాను."

"ఏ పక్కది?" అంది ఆవిడ.

"తెలీదు. విప్పి తూస్తేగానీ తెలీదు."

"ముట్టుకుంటే పది పాయింట్లు పోతాయమ్మా" అన్నాడు రిఫరీ, జాలిగా.

ఆ సంగతి ఆవిడకి తెలీక కాదు. ఆరు ముందుంది, పది పోతే నాలుగు వెనక. అలాగే నడిపితే? ఎక్కనూవచ్చు. మొదటి స్థానం అక్కడే, రెండు గేట్ల అవతలే ఉంది. మేస్త్రి ఆవిడ బొటనవేలు వైపే చూస్తున్నాడు. అది రెండుసార్లు ముందుకి వెళ్ళి, రెండుసార్లూ వెనక్కి వచ్చింది.

"నడిపితే విరగొచ్చు. విరిగితే మీ చేతిని అంటారు" అంది నెమ్మదిగా. "బండి దించితే నా చేతిని అంటారు, అంచు దాకా పోయి భయపడిందంటారు. నాకది వద్దు. ఎందుకు దించుతున్నానో మీరే చెప్పండి. అందరికీ వినపడేలా చెప్పండి."

ముప్పై ఏళ్ళలో ఆ మనిషి ఎవరి దగ్గరా తప్పు ఒప్పుకున్న పాపాన పోలేదు. ఆవిడ ఎదురుచూసింది. గడియారం ఎదురుచూడలేదు.

"తప్పు నాది!" అని అరిచాడు చివరికి. "చెడ్డ లింకు నేనే చేశాను! పొద్దున్నుంచీ మీ అందరి దగ్గరా దాచాను! ఆవిడ తప్పేం లేదు. ఆవిడ చెయ్యి బంగారం!"



ఆవిడ వంగి బండిని రెండు చేతులతో ఎత్తింది. "పది" అని రాసుకున్నాడు రిఫరీ. మేస్త్రి స్క్రూలు విప్పబోయాడు. స్క్రూడ్రైవరు లాక్కుని ఆవిడే విప్పింది. మొదటిది బాగుంది. రెండోది బాగుంది. మూడోది వెనక ఎడమవైపుది, చీలికలో ఇరుక్కున్న చక్రానిదే. మిషను మీద బరువు తక్కువ చూపించింది. ఆవిడ దాన్ని మోకాలి మీద పెట్టి రెండు బొటనవేళ్ళతో నొక్కింది. నడుము దగ్గర పుటుక్కున మడతపడింది.

జనంలో ఎవరో "అమ్మో" అన్నారు.

మంచి స్పేరు బిగించి, బండిని ఎత్తిన చోటే పెట్టి, మిగిలిన రెండు గేట్లూ దాటించింది. టైము ఇంకా పదకొండు సెకన్లు మిగిలింది. ఐదో గేటు దగ్గర ఆ ఎడమ లింకు మీదే బండి మొత్తం మూడు క్షణాలు నిలబడింది.

డాక్టరు తన పరుగు తప్పు లేకుండా ముగించాడు. నాలుగు పాయింట్ల తేడాతో మొదటి స్థానం ఆయనదే. ఆవిడది నాలుగోసారి రెండో స్థానం. కప్పు తీసుకున్నాక డాక్టరు ఆవిడ దగ్గరికి వచ్చి నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు. బస్సు డ్రైవరు మాత్రం మేస్త్రి భుజం మీద చెయ్యి వేసి, "నాకింకో సెట్టు చెయ్యండి" అన్నాడు. మేస్త్రికి ఏడుపొచ్చినంత పనైంది.

మర్నాడు పొద్దున్నే ఆయన షెడ్డు తలుపు తీసి, వేళ్ళు ఎర్రబడేలా రింగు బిగించి, లేతు మీద కడ్డీ పెట్టాడు. ఆవిడ కుట్టు మిషను దగ్గరి స్టూలు తెచ్చి పక్కన వేసుకుని కూర్చుంది, ఒళ్ళో తూకం మిషను పెట్టుకుని. మడతపడ్డ లింకుని దారంతో కట్టి, లేతు పైన ఆయన కళ్ళకెదురుగా వేలాడదీసింది.

"ఇవి బస్సు డ్రైవరు..." అని మొదలుపెట్టాడు.

"ఎన్ని చేస్తారు?"

"ఎనిమిది."

ఎనిమిదీ అయ్యేదాకా ఆవిడ కదల్లేదు. ఒక్కొక్కటే తూచింది, తీగ దూర్చి చూసింది, వేలితో నడుము తడిమింది. వెలుతురుకి పట్టి నాలుగు ఏరి కొంగున కట్టుకుంది. ఏ లోపమూ లేని మిగతా నాలుగింటినీ ఆయన ముందుకి తోసింది.

"ఇవి మీ కస్టమరుకి ఇవ్వండి" అంది.