జెముడు కంచె మీది గౌను

శనివారం వస్తే చాలు, కొండ మీద ఆడవాళ్ళందరూ బట్టల మూటలు నెత్తిన పెట్టుకుని వాగుకి దిగుతారు. రాళ్ళ మీద కూర్చుని, సబ్బు అరక్కుండా చేతులు అరగదీసుకుని ఉతుకుతారు. ఎండెక్కేసరికి ఇళ్ళకొచ్చి, జెముడు కంచెల మీద ఆరేస్తారు. అప్పుడు మొదలవుతాయి కబుర్లు.

"ఏమే ఇలొమెన్, మావాడి లాగు చూశావా? పోయిన వారం ఇంత లేదు. పాదాలకొచ్చేసింది," అని పక్కింటి ఆన్సిత్ కంచె అవతల నుంచి అరిచింది.

"నడుం కూడా బాగా లావయింది. మీవాడు పట్నంలో గాడిదల్ని కాస్తున్నాడో, తింటున్నాడో!"

"నీ నోట్లో మన్ను పడ! దిష్టి పెట్టకు నా బిడ్డకి."

పట్నంలో పరాయి ఇళ్ళలో ఉంటున్న పిల్లల బట్టలవి. పంపేటప్పుడు తల్లి ఒక్క బట్ట ఇంట్లో ఉంచుకుంటుంది. పిల్ల అక్కడ పెరిగితే బట్ట ఇక్కడ పెరుగుతుంది. పెద్దవాళ్ళ బట్టలకి ఆ గుణం లేదు. సరిహద్దు దాటి చెరకు నరకడానికి పోయిన ఇలొమెన్ మొగుడి చొక్కా ఇన్నేళ్ళలో ఒక్క ముక్క చెప్పలేదు.

కన్నబిడ్డల్ని ఎందుకు పంపుతారని అడిగే పెద్దమనుషులుంటారు. కొండ మీద బడి లేదు గనక పంపుతారు. వైద్యుడు లేడు గనక, వాన మొహం చాటేస్తే జొన్నలు కూడా ఉండవు గనక పంపుతారు. ఎవరింట్లోనో నాలుగు పనులు చేస్తే కడుపునిండా పెట్టి బడికి పంపుతారని చెబితే ఏ తల్లికి ఆశ పుట్టదు? ఆ ఆశని తప్పనేవాడు ఒక్క ఎండాకాలం ఈ కొండ మీద కాపురం చేసి, అప్పుడు నోరెత్తాలి.

ఇలొమెన్ కూతురు మిర్తా ఎనిమిదేళ్ళప్పుడు వెళ్ళింది. అవకాడోలు కొనడానికి వచ్చే సెఫాసమ్మ దాన్ని జక్మెల్ పట్నం తీసుకెళ్ళి మదాం ఒక్తావ్ ఇంట్లో పెట్టింది. "బట్టలన్నీ ఇచ్చెయ్, ఇక్కడేం చేసుకుంటావు?" అని తీసుకెళ్ళేటప్పుడు సెఫాసమ్మ అడిగినా, ఇలొమెన్ నీలం గౌనొకటి పరుపు కింద దాచుకుంది.

మొదట్లో గౌను బాగానే పెరిగింది. అది ఆరేదాకా ఇలొమెన్ కంచె దగ్గరే కూర్చునేది. ఉతికిన గుడ్డలో పిల్ల వాసన ఉండదని తెలుసు. అయినా ముక్కు ఆనించేది. గౌను చేతి గుండా తన వేళ్ళు పోనిచ్చి, లోపల చిన్న చెయ్యి తగులుతుందేమోనని చూసేది. అంచు ఓ వేలెడు దిగిన రోజున ఊరంతా వినేలా పాట పాడింది.

ఆ తర్వాత గౌను ఆగిపోయింది.

సబ్బు మంచిది కాదంది ఇలొమెన్. వాగు నీళ్ళలో సున్నం ఎక్కువైందంది. తడి అంచు పట్టుకుని కిందికి లాగేది. లాగితే సరిపోక, అంచుకి గులకరాళ్ళు కట్టి ఆరేసింది. సాయంత్రానికి బారుగా కనబడేది. మర్నాటికి మళ్ళీ అంతే. ఆన్సిత్ చూసి కూడా చూడనట్టే ఊరుకుంది.

సెఫాసమ్మ వచ్చినప్పుడల్లా ఒకటే పాట. "నీ కూతురికేమే? దొరబిడ్డలా ఉంది! రొట్టె తింటోంది, పలక మీద పేరు రాస్తోంది. నిన్ను తలుచుకోవడం కూడా మానేసింది."

ఆ ఆఖరి మాటకి ఇలొమెన్ ఏడ్చేది. బిడ్డ అంత సుఖంగా ఉందనుకుని, ఆ ఏడుపులోనే సంతోషపడేది.

మిర్తా వెళ్ళి మూడేళ్ళు నిండాక, ఒక శనివారం గౌను కంచె మీద పరిచేసరికి, భుజాలు లోపలికి పోయి ఉన్నాయి. ఇలొమెన్ గులకరాళ్ళ కోసం వంగింది. ఆన్సిత్ కంచె సందులోంచి దూరి వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఇంకా రాళ్ళే కడతావా? ఆ గౌను నీకేం చెబుతోందో నీకు వినబడ్డంలేదా? లే, ట్రక్కెక్కు."

మర్నాడు జక్మెల్‌లో మదాం ఒక్తావ్ గేటు సగమే తెరిచింది. "మిర్తా బడికెళ్ళింది. ఇప్పట్లో రాదు."

"ఆదివారం కూడా బడి పెడతారా అమ్మగారూ, పట్నంలో?"

అంతలో సందు మలుపులోంచి నీళ్ళ బకెట్టు నెత్తిన పెట్టుకుని ఒక పిల్ల వచ్చింది. పదకొండేళ్ళ పిల్ల. ఇలొమెన్ మూట విప్పి గౌను ఆ పిల్ల మీద ఆనించింది. భుజానికి భుజం, మోకాలికి అంచు సరిగ్గా సరిపోయాయి.

గౌను చూడగానే మదాం మొహం మాడిపోయింది. "అన్ని బట్టలూ తెమ్మని సెఫాస్‌కి చెప్పానే!" అంది. ఈ బట్టల గుణం తెలిసిన యజమానురాళ్ళు అంతే, పిల్లదాని చేతిగుడ్డ కూడా ఇంటి దగ్గర మిగలనివ్వరు. "ఇన్నాళ్ళూ నా అన్నం తింది. ఇప్పుడిది పోతే నీళ్ళెవరు మోస్తారు?"

ఇలొమెన్ బిడ్డ నెత్తి మీంచి బకెట్టు దించి మదాం కాళ్ళ ముందు పెట్టింది. "నీకు మాత్రం మెడ లేదా?"

ట్రక్కు జనం నిండేదాకా కదలదు. మిర్తా తల్లి పక్కన ముడుచుకుని కర్రపెండలం రొట్టె ముక్కలు ముక్కలుగా తుంచుకుని తింది. ఆఖరి ముక్క తినకుండా చేతిలోనే ఉంచుకుంది.

"అమ్మా, వెనకింట్లో లినోజ్ అని ఇంకో పిల్ల ఉంది. ఇద్దరం కలిసి నీళ్ళకెళ్ళేవాళ్ళం. దానికి వాళ్ళ ఊరి పేరు గుర్తులేదు. దాని బట్ట ఎవరి దగ్గరా లేదు."

పరాయి బిడ్డని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేస్తే పోలీసులు ఊరుకోరు. ఇలొమెన్ ఆ సంగతే చాలాసేపు ఆలోచించింది. చివరికి ట్రక్కు దిగింది. కుళాయి దగ్గర ఆ పిల్లని వెతికి పట్టుకుని, నీలం గౌను దానికిచ్చి, దాని ఒంటి మీది చిరుగుల గౌను అడిగి తెచ్చుకుంది.

మిర్తా కొండ మీద కొద్దికొద్దిగా ఒళ్ళు చేసింది. మొదట్లో అన్నం పెడితే నిలబడే తినేది. తర్వాత కూర్చోవడం మళ్ళీ అలవాటయింది. బడి మాత్రం ఇంకా కొండెక్కలేదు. ఇలొమెన్ ప్రతి శనివారం చిరుగుల గౌనుకి మాసికలు వేసి, ఉతికి, కంచె మీద పరిచి ఎదురుచూసేది. అది పెరగలేదు. ఒకరోజు భుజాల దగ్గర లోపలికి పోయింది.

ఇలొమెన్ ఆ గౌనుని తడిగానే మడిచి, గడ్డి టోపీ పెట్టుకుని బయల్దేరింది.

"ఆగవే," అంది ఆన్సిత్. "ఆ పిల్ల నీకేమవుతుందని అడిగితే ఏం చెబుతావు?"

"దాని బట్ట నా కంచె మీద ఆరుతోందని చెబుతాను."

ఆన్సిత్ తన కంచె మీది లాగు వైపు చూసింది. అది బాగానే పెరుగుతోంది. దాన్ని అక్కడే వదిలేసి, చేతులు పావడాకి తుడుచుకుంది.

"ఉండు, చెప్పులేసుకొస్తాను," అంది.