నాప బండ మీద నీలం బొట్టు

ప్రొద్దుటూరు ఎండ సంగతి తెలియనోళ్లకు చెప్పినా నమ్మరు, తెలిసినోళ్లకు చెప్పే పనే లేదు. రోహిణీ కార్తెలో రోళ్లు పగుల్తాయంటారే, ఈడ కృత్తికకే పగిలిపోయుంటాయి, రోహిణికి పగలడానికి ఏమీ మిగలదు. ఆ ఎండల్లో మిట్టమధ్యాహ్నం బజారులో నిలబడి చూస్తే ఎదురొచ్చే మనిషికి కాళ్లు కనపడవు. నడుము పైభాగమే కదులుతా వస్తాంటాది, కిందంతా నీళ్లు ఆడినట్ల మెరుస్తాంటాది. ఆ మెరుపు చూసినప్పుడల్లా మైమూన్‌కు చిన్నప్పటి నుంచీ ఒకటే అనుమానం. ఈ ఊరి కింద నీళ్లు పోతాండాయి, మనం వాటి మీద నడుస్తాండామని.

ఆ అనుమానం ఊరికే పుట్టలే. ఆయమ్మ బతుకే నీళ్లూ బురదా. అగసాల సందులో నగలు చేసేవాళ్లు ఆకురాయితో రాకేటప్పుడు కంటికి ఆననంత బంగారు రజను నేల మీద రాలుతాది. ఊడిస్తే సందులోకి, నీళ్లు చల్లితే మోరీలోకి పోతాది. తెల్లారి అంగళ్లు తెరవకముందే మైమూన్ సందు ఊడ్చి, మోరీలో బురద తోడి, బాండ్లిలో వేసి కడిగి కడిగి, అడుగున మిగిలిన నల్ల ఇసుకలో నుంచి ఆ రజను ఏరుకుంటాది. వాళ్లమ్మ చేసిందీ అదే పని. మైమూన్‌ను చూసి ముక్కు మూసుకొని పోయే ఆడోళ్లు శానామంది ఉండారు. వాళ్ల మెళ్లో గొలుసుల్లో మోరీ బంగారం ఎంతుందో వాళ్లకేం తెలుసు పాపం!

ఈ పనిలో ఒక కిటుకుంది. నీళ్లు పరిగెత్తితే బంగారమూ వాటెంట పరిగెత్తుతాది. నీళ్లు నిదానించిన చోటే అడుగున కూర్చుంటాది. నలభై ఏండ్ల కింద, మైమూన్‌కు పన్నెండేండ్లప్పుడు, ఎర్రగుంట్ల నుంచి లారీలో వచ్చిన నాప బండల్లో విరిగినదొకటి తల్లీకూతుళ్లిద్దరూ ఈడ్చుకొచ్చి సందు దిగువ మలుపులో మోరీకి అడ్డంగా నిలబెట్టినారు. మూరెడు ఎత్తు. "నీళ్లకు పీట వేసినా. పోయేవి పోతాయి, కూర్చునేది కూర్చుంటాది," అనింది ఆ తల్లి. "ఎవురికీ చెప్పగాకు." మైమూన్ ఎవురికీ చెప్పలే. కట్టుకున్న మొగునికి కూడా, ఆయప్ప చచ్చిపోయేదాకా చెప్పలే. తర్వాత రోడ్డు ఎత్తు పెరిగింది, మోరీ మీద సిమెంటు మూత పడింది. రెండంగళ్ల మధ్య ఇరుకులో నుంచి వంగి లోపలికి పోయే దారి, తల్లి పోయినాక, మైమూన్ ఒక్కదానికే తెలుసు.

సందు దాటి దిగువకు పోతే పల్లపు వీధి. ఆ వీధిలో మూడో ఇల్లు విశాలాక్షి టీచరమ్మది. మైమూన్ పని ముగించుకొని, కాళ్లు కడుక్కొని, రోజూ పదకొండు గంటలకు ఆ ఇంటి వసారాలో కూలబడతాది. ఉప్పూ కరివేపాకూ వేసిన మజ్జిగ స్టీలు గ్లాసులో వస్తాది. ముప్పై ఏండ్లుగా ఆ గ్లాసు మైమూన్‌దే. మొదట్లో అది వేరుగా గూట్లో ఉండేది, తర్వాత యెప్పుడో అన్ని గ్లాసుల్లో కలిసిపోయింది. ఏది యెవరిదో ఇప్పుడు ఇద్దరికీ తెలీదు.

లోపల మంచం మీద టీచరమ్మ భర్త పార్థసారథి సారు. తాలూకాఫీసులో గుమాస్తాగా చేసి రిటైరైనాడు. మూడేండ్ల కింద పక్షవాతం వచ్చి కాలూ చెయ్యీ పడిపోయినాయి, మాటా పోయింది. పోయిన కార్తీకంలో మూడు రోజులు వాన పట్టింది చూడండి, అప్పుడు పల్లపు వీధిలోకి నీళ్లు నడుముదాకా వచ్చినాయి. ఆకాశం నుంచి కాదు, మోరీలో నుంచి వెనక్కి తన్నుకొని వచ్చినాయి. సారు మంచాన్ని రెండు బల్లల మీదికెక్కించి, ఒక పక్క టీచరమ్మ, ఒక పక్క మైమూన్, పొద్దున్నుంచి సాయంత్రందాకా పట్టుకొని నిలబడినారు. నీళ్లు మంచం పట్టెలను తాకి ఆగినాయి. ఆ దినం నుంచి సారుకు ఒక్క మాట మాత్రం తిరిగొచ్చింది. మబ్బు కమ్మితే చాలు, కండ్లు పెద్దవి చేసి "వచ్చె... వచ్చె..." అంటాడు. మబ్బు విడిచేదాకా రెప్ప వెయ్యడు.

ఇంగ సభ సంగతి.

మే నెల ఆఖర్లో బడి వసారాలో సభ పెట్టినారు. వార్డు సచివాలయంలో పనిచేసే నాగశ్రీ, పులివెందుల పిల్ల, ఇల్లిల్లూ తిరిగి పిలిచింది. గోడ నిండా ఊరి పటం ఫ్లెక్సీ మీద అచ్చు వేయించి కట్టినారు. ప్లాను గీసే ఇంజనీరు విష్ణువర్ధన్ దాని ముందర చెమటలు కక్కుతా నిలబడినాడు.

"ఎండలకూ వరదలకూ తట్టుకునేట్ల పట్నాన్ని తయారు చెయ్యాల," అన్నాడు. "మా కంప్యూటరుకు ఊరి వాలు తెలుసు గానీ ఊరి కష్టం తెలీదు. అది మీరే చెప్పాల. ఎండకు తాళలేని చోట ఎర్ర గుర్తు, నీళ్లు నిలిచే చోట నీలం గుర్తు పెట్టండి."

గుర్తులకు స్టిక్కర్లు రాలేదంట. నాగశ్రీ గాజులంగట్లో ఎర్ర బొట్టుబిళ్లలూ నీలం బొట్టుబిళ్లలూ అట్టలకట్టలు కొనుక్కొచ్చింది. ఇంగ చూడండి, ఆడోళ్లందరూ లేచి ఊరికి బొట్లు పెట్టను ఎగబడినారు. బస్టాండు ఎర్రబడింది, రేకుల ఇండ్ల వీధి ఎర్రబడింది, పల్లపు వీధి నీలంగా మారిపోయింది. "మా ఊరికి పెండ్లి కుదిరింది లేప్పా!" అని యెవరో అంటే అందరూ నవ్వినారు. నాగశ్రీ మైమూన్ వేలికీ ఒక నీలం బొట్టు అంటించింది. "పెట్టు పెద్దమ్మా. పటానికే లే, నీకు కాదు."

అప్పుడు విశాలాక్షి లేచింది. బడిలో పిలకాయలను అడిగినట్లే అడిగింది. "మా వీధిలోకి నీళ్లు ఎందుకొస్తాండాయో చెప్పు నాయనా."

విష్ణువర్ధన్ కర్రతో ఒక గీత వెంబడి పోయినాడు. అగసాల సందు, పల్లపు వీధి అంచు, అది దాటినాక మలుపు, ఆడి నుంచి వంక, వంక నుంచి పెన్న. "వాలు బాగుందమ్మా. నీళ్లు నిలవకూడదు. ఎందుకు నిలుస్తాండాయో మాకు అంతు పట్టలేదు. కారణం తెలీకుండా ఈ వీధిని ప్లానులో యాడ పెట్టాల? శనివారందాకా టైముంది. ఎవరికన్నా తెలిస్తే చెప్పండి."

కర్ర మొన ఆ మలుపు మీద ఒక్క క్షణం ఆగింది. అంతే! మైమూన్‌కు తెలిసిపోయింది. మూరెడు బండ. దాని వెనక నలభై ఏండ్ల పూడిక. ఆయమ్మ పైపొర గీరుకుంటా వచ్చిందే గానీ అడుగుదాకా యేనాడూ తోడలే. పైన సిమెంటు మూత. వాన గట్టిగా పట్టితే నీళ్లు యాటికి పోతాయి? "యా అల్లా," అనుకునింది. ఆ దినం మంచం పట్టుకొని నిలబడిన చేతులు ఇవే.

బొట్టు పటానికి పెట్టలే. బొటనవేలి గోరుకు అంటించుకొని ఇంటికి పోయింది.

మూడు దినాలు మనసు అటూ ఇటూ లాగింది. చెప్పితే బండ పోతాది, బండ పోతే బువ్వ పోతాది. అంతేనా, టీచరమ్మ ముఖం ఎట్ల చూసేది? చెప్పకుంటే? కార్తీకం రాకుండా పోతాదా? ఈసారి ఇంకొక్క జానెడు ఎక్కితే సారును యెవరు లేపేది? వాన పడకుంటే బాగుండునని మొక్కుకుందామంటే, ఎండకు చచ్చే ఊర్లో వాన వద్దని అల్లాను అడిగే ముఖం యాడుంది?

శుక్రవారం మిట్టమధ్యాహ్నం విశాలాక్షి వసారాలో మైమూన్‌కు కునుకు పట్టింది. తడిపి కట్టిన చీర తెర గాలికి ఊగుతాండాది, నీటి వాసన వస్తాండాది. ఆ కునుకులో ఊరంతా నేల మీద పరిచిన పటమై కనపడింది. ఎర్ర బొట్లన్నీ నిప్పు కణికలై వెలుగుతాండాయి. వాటి మధ్యలో వాళ్లమ్మ నడిచి వస్తాండాది. మడమలదాకా తడిసిన చీర, అడుగు వేసిన చోటల్లా నిప్పు ఆరిపోయి చల్లగైతాండాది. ఇంటింటి ముందరా నిలబడి "పెన్నకు దారి యాడమ్మా?" అని అడుగుతాండాది. అందరూ ముందుకు చెయ్యి చూపిస్తాండారు. మలుపు దగ్గర బండ అడ్డమొచ్చింది. ఆయమ్మ తాను వేసిన పీటను తానే గుర్తు పట్టలే. కాసేపు దాన్ని తడుముతా నిలబడింది. తర్వాత వెనక్కి తిరిగి, పల్లపు వీధిలోకి దిగి, మూడో ఇంట్లోకి వచ్చి, సారు మంచం మీద కూర్చునింది. "అలిసిపోయినా మైమూనూ. దారి ఇయ్యలే యెవరూ," అనింది.

"వచ్చె," అన్నాడు లోపల సారు. యాడనో తునక మబ్బు అడ్డమొచ్చి ఎండ మసకబారింది, అంతే.

మైమూన్ లేచి కూర్చునింది. ఎదురుగా విశాలాక్షి మజ్జిగ గ్లాసు పట్టుకొని నిలబడింది. "ఏం మే, కలవరిస్తాండావు?"

"టీచరమ్మా, మోరీలో బండుంది," అనింది మైమూన్. ఒక్కసారి నోరు తెరిస్తే ఇంగ ఆగలే. పీట, పూడిక, మలుపు, అన్నీ చెప్పింది. "ఆ దినం నాకు తెలీదమ్మా. నా బిడ్డల సాక్షిగా తెలీదు. సభలోనే తెలిసింది."

తెర మీది నుంచి నీటి చుక్కలు ఒకటొకటే రాలుతాండాయి.

"మోసిందీ నువ్వే," అనింది విశాలాక్షి. "ముంచిందీ నువ్వే."

చేతిలో గ్లాసు ఇయ్యకుండానే లోపలికి తీసుకుపోయింది. తలుపు వేసుకోలేదు గానీ, తిరిగి బయటికి రాలే. మైమూన్ కొంగుతో ముఖం తుడుచుకొని, చెప్పులేసుకొని, ఎండలో పడి పోయింది.

మరుసటి దినం శనివారం. సచివాలయంలో నాగశ్రీ ముందర నిలబడి మళ్లీ అంతా చెప్పింది. ఆ పిల్ల పెన్ను పట్టుకొని తటపటాయించింది. "పెద్దమ్మా, పేరు రాయాల్సిన పని లేదు. ఊరోళ్లు చెప్పినారని రాస్తాలే."

"నా పేరు రాయి పాపా," అనింది మైమూన్. "మా యమ్మ పేరు మాత్రం రాయగాకు. ఆయమ్మ బిడ్డల కోసం చేసింది."

సోమవారం కూలోళ్లు గడ్డపారలతో వచ్చినారు. ఎక్కడ తవ్వాలనో విష్ణువర్ధన్ పటం చూస్తాంటే, మైమూన్ సిమెంటు మూత మీద చెప్పులిడిచి నడిచింది. ఆయమ్మ అరికాలికి తెలుసు. పది అడుగులు పోయి నిలబడి "ఈడ" అనింది. మూత పగలగొడితే బండ కనపడింది. దాని వెనక బురద బండ అంచుదాకా గట్టిపడి ఉంది. ఇంజనీరు నోరు తెరిచినాడు. మైమూన్ గుంతలోకి దిగి బండ ముఖాన్ని కొంగుతో తుడిచింది. అది తడికి నల్లగా మెరిసింది. గోరు మీద వారం నుంచీ అంటుకొని ఉన్న నీలం బొట్టు తీసి దానికి పెట్టింది.

"ఇంగ లేపండప్పా," అనింది. ఏడ్చింది కూడా. యెవరు చూస్తే ఏంది?

బురద రెండు ట్రాక్టర్లు వచ్చింది. నలభై ఏండ్ల అడుగు మట్టి, దాంట్లో బంగారం ఎంతుందో దేవునికే తెలియాల. విష్ణువర్ధన్ "కావాలంటే తీసుకో పెద్దమ్మా" అన్నాడు. వద్దనింది. ఎందుకు వద్దనిందో ఆయమ్మకే తెలీదు. తర్వాత పది దినాలు అది తలచుకొని "పిచ్చి మొగమా, రెండు తట్టలన్నా తీసుకోకూడదా!" అని తన్ను తానే తిట్టుకునింది. ఆ మట్టిని పల్లపు వీధి పొడుగునా నీడ కోసం కొత్తగా నాటిన వేప మొక్కల గుంతల్లో పోసినారు.

ఆ పది దినాలూ మైమూన్ టీచరమ్మ గుమ్మం తొక్కలే. పదకొండు గంటలైతే కాళ్లు వాటంతటవే అటు తిరిగేవి. పల్లపు వీధి మొగదలలో కాసేపు నిలబడి వెనక్కి పోయేది.

మృగశిర వచ్చినాక ఒక మధ్యాహ్నం ఆకాశం నల్లబడింది. గాలి దుమ్ము లేపింది. ముందు నాలుగు చినుకులు, తర్వాత కుండపోత. మైమూన్ ఇంట్లో కూర్చోలేకపోయింది. గొడుగు కూడా తీసుకోకుండా పరిగెత్తింది. వాన తెరల్లో ఊరు ఉందో లేదో అన్నట్లుంది. వేప మొక్కలు తలలు వంచి ఊగుతాండాయి. మూడో ఇంటి ముందర ఆగి, బయటనే నిలబడి మోరీలోకి తొంగి చూసింది.

నీళ్లు పోతాండాయి. ఎర్రగా, నురగ కక్కుకుంటా, ఒక్క క్షణం కూడా నిలవకుండా పోతాండాయి. నలభై ఏండ్లుగా నిదానించిన నీళ్లు దారి దొరికి పరిగెత్తుతాండాయి.

"పైకి రా మే. తడుస్తాండావు," అనింది గుమ్మంలో విశాలాక్షి.

మైమూన్ వసారా ఎక్కింది. లోపలికి చూసే ధైర్యం రాలే. "సారు? మబ్బు పట్టి గంటైంది కదమ్మా. అరుస్తాండాడా?"

"నువ్వే చూసుకోపో."

తలుపు పక్క నుంచి తల పెట్టి చూసింది. పార్థసారథి సారు వెల్లకిలా పడుకోనుండాడు. నోరు కొంచెం తెరుచుకోనుంది. ఇంటిమీద వాన ధబధబా కొడతాంటే, ఆయప్ప సన్నగా గురక పెడతాండాడు.

మైమూన్ వసారా అంచున కూలబడింది. ఒక స్టీలు గ్లాసు వచ్చి పక్కన కూర్చునింది, ఈసారి మజ్జిగ కాదు, కాఫీ. గ్లాసు చేత్తో పట్టుకోని మోరీ వంకే చూస్తా, ఏడుస్తాందో నవ్వుతాందో తెలీకుండా, గట్టిగా అనింది. "అదో టీచరమ్మా, చూడు! నా బువ్వంతా పెన్నలోకి పోతాండాది. మా యమ్మ బంగారమంతా పోతాండాది!"

విశాలాక్షి పక్కన కూర్చొని ఆయమ్మ తడి భుజం మీద చెయ్యి వేసింది.

"మెల్లగా మాట్లాడు మే," అనింది. "సారు లేస్తాడు."