యెల్షినా గడపలు

"ఈ కాగితంలో ఉన్న మనిషివి నువ్వు కాదు ఫో!" అంటూ కంపెనీ ఆఫీసరు బాప్టిజం పత్రాన్ని కిందికి విసిరేశాడు. డెబ్బై రెండేళ్ళ ఆంద్రేయ్ దాన్ని తీసుకోబోయి, దగ్గుతెర కమ్ముకొచ్చి నేలమీదే కూలబడ్డాడు. నలభై ఏళ్ళు బొగ్గును కాల్చి కోక్ చేసే బట్టీల పొగ పీల్చిన ఊపిరితిత్తులు మరి! పక్కనే ఉన్న కంపెనీ డాక్టరు వసుమతికి ఒళ్ళు మండిపోయింది.

అది 1979. పెన్సిల్వేనియాలో ఉక్కు మిల్లు ఊరు. ఆంద్రేయ్‌ని వెంటనే ఆస్పత్రిలో చేర్చాలి. ఖర్చు పెట్టుకోవలసిన కంపెనీ, ఆయన పేరు దగ్గర పేచీ పెట్టింది. స్లొవాకియాలో ఆయన పుట్టిన యెల్షినా, ఏటి ఒడ్డున ముప్పై నాలుగు గడపల పల్లె. సగం ఊరిది ఒకటే ఇంటిపేరు. అందుకని మనిషిని గడపను బట్టి పిలుస్తారు: కమ్మరోళ్ళ ఆంద్రేయ్, మిట్టమీదోళ్ళ హెలెనా. పదహారేళ్ళప్పుడు ఇక్కడి మిల్లులో చేరుతూ ఈ అమాయకుడు గడప పేరే చెప్పాడు. చర్చి ఇచ్చిన బాప్టిజం పత్రంలో ఇంటిపేరుంది. ఇద్దరూ వేరువేరు మనుషులంది కంపెనీ.

"ఆ జబ్బు బట్టీల వల్లేనని రిపోర్ట్ సైన్ చేస్తావా ఏంటి? నీ వీసా, నా వీసా కంపెనీ చేతిలో ఉన్నాయి" అన్నాడు ఆ రాత్రి ఇంట్లో వసుమతి భర్త కృష్ణమోహన్. ఆ మిల్లులోనే ఇంజనీరు.

"ఆయన ఎక్స్‌రే మీరు చూశారా?"

"నాకెందుకు? మనం గొడవలు పడ్డానికొచ్చామా ఇక్కడికి?"

"ఆయన మాత్రం దగ్గి దగ్గి చావడానికొచ్చాడా?" అంది వసుమతి. రాత్రంతా ఆమెకు కంటిమీద కునుకు లేదు.

మర్నాడు యెల్షినా నించి ఈ మిల్లుకి వలసొచ్చినవాళ్ళంతా యూనియన్ హాల్లో చేరితే, ముసలి హెలెనా సుద్దముక్కతో నేలమీద ఆ ఊరంతా గీసింది. ఏరు, చర్చి, పైన అడవి.

"ఈ అడవి దొరది. కట్టెలు కొట్టాడని ఒకణ్ణి పట్టుకుంటే ఊరేం చేసింది? ఒకటో గడప నించీ వరసగా వెళ్ళి, కొట్టింది మేమే అన్నారు. దొరకి జైలు చాల్లేదు!"

"పాత ముచ్చట్లాపు. లాయర్ని పెడదాం" అని ఎవరో గొణిగారు.

"ఆంద్రేయ్ ఎవరో నీ లాయరుకి తెలుసా? మనకి తెలుసు!"

గురువారం కంపెనీ ఆఫీసులో విచారణ. సాక్షులెవరని ఆఫీసరు అడిగాడో లేదో హెలెనా లేచింది.

"ఒకటో గడప, మిట్టమీదోళ్ళం. వాడు మాకు తెలుసు."

రెండు. మూడు. లేచినవాళ్ళెవరూ కూర్చోలేదు. ఆఫీసరు బల్ల గుద్దాడు. పోలీసులకి ఫోన్ చేశాడు. పన్నెండో గడపకి మాత్రం ఎవరూ లేవలేదు. ఆ ఇంటివాళ్ళు ఎప్పుడో గనుల్లో పోయారు.

"అయిపోయిందా?" ఆఫీసరు నవ్వాడు.

వెనక బెంచీలోంచి అలబామా నల్లజాతి కార్మికుడు ఎలైజా లేచాడు.

"పన్నెండు. ఇరవై ఏళ్ళు వాడి పక్క బట్టీ నాది. నాకూ తెలుసు."

ఆ తర్వాత మనిషి లేని ప్రతి గడపకీ మిల్లువాళ్ళొకరు లేచారు. ఇరవై మూడు దగ్గర ఆంద్రేయ్ బల్ల పట్టుకుని లేచాడు.

"కమ్మరోళ్ళం. బతికే ఉన్నాం."

తలుపు తోసుకుని పోలీసులు లోపలికొచ్చారు. వసుమతి లేచి నిలబడి, అందరి ఎదుటా రిపోర్ట్ మీద సంతకం పెట్టింది.

"కూర్చో డాక్టర్! నువ్వు కంపెనీ మనిషివి!"

"ఇరవై నాలుగు" అంది. "ఈయన ఊపిరితిత్తుల్ని తినేసింది మీ బట్టీలే."

పోలీసు ఆమె మోచెయ్యి పట్టుకునేలోపు వెనక ఇరవై ఐదో గొంతు పలికింది.