చక్రం దగ్గర యశోద

రాఖీ పున్నమి పొద్దున, రథం కదిలే ముందు, భవాని పేట్ గల్లీ మండలిలో అధ్యక్షుడు కార్యవర్గానికి పనులు పంచుతాడు. పని చెప్పి, ఆ మనిషి కుడిచేతికి మగ్గం మీంచి అప్పుడే కోసిన తువ్వాలు కడతాడు. రథం తిరిగి గుడికి చేరేదాకా ఆ ముడి విప్పకూడదు, పని మార్చకూడదు. అధ్యక్షుడైనా సరే.

యశోద ఉపాధ్యక్షురాలై కొన్నేళ్లయింది. ప్రతిసారీ ఆమెకు ప్రసాదం పనే దక్కింది. ఆమె మనసేమో చక్రం మీద ఉంది. మలుపుల్లో చక్రం కింద చెక్క అడ్డంపెట్టి రథాన్ని తిప్పే పని ఎప్పుడూ కోశాధికారి రాజారాందే.

ఈసారి కొత్త అధ్యక్షుడు నర్సప్ప అందరి ముందూ చెప్పేశాడు. "చక్రం యశోద వదినెకు. ప్రసాదం రాజారాంకు."

రాజారాం నవ్వాడు. "మజాక్ చేస్తున్నవా నర్సన్నా? నేను బూందీ పంచాల్నా?"

"పంచు. చెయ్యి ఇటు తే."

ముడి పడ్డాక రాజారాం యశోద వైపు తిరిగాడు. "జర చూస్కో వదినె. బూందీ కింద పడ్తె ఊడ్చుకోవచ్చు. రథం పడ్తె ఏంజేస్తవ్?"

"నువ్వైతే బూందీ పడనియ్యకు," అంది యశోద.

తిన్నటి వీధిలో రథం బాగానే నడిచింది. కొంతం చౌక్ మలుపు వచ్చేసరికి డోలు తాషాల మోతలో పక్కవాడి మాట కూడా వినపడటం లేదు. అయితేనేం, తాళ్లు పట్టినవాళ్లంతా మరమగ్గాల మీద పనిచేసేవాళ్లే. మగ్గాల చప్పుడులో రోజంతా చేతి సైగలతోనే మాట్లాడుకుంటారు. యశోద అరచేయి ఎత్తింది. తాళ్లు వదులయ్యాయి. పొడుగు పిడి ఉన్న చెక్కను ఎడమ చక్రం కిందికి తోసి, పిడికిలి బిగించింది. లాగారు.

చెక్క జారింది. రథం కిర్రుమని ఒరిగి, శిఖరం పక్క మిద్దె వైపు వంగింది. జనం ఒక్కసారిగా వెనక్కి తగ్గారు.

నర్సప్ప ఉరికి వచ్చి ఆమె చెవిలో అరిచాడు. "బస్ వదినె, ఇటు రా. రాజారాంను పిలుస్త."

యశోద చక్రం మీంచి చూపు తిప్పలేదు. తువ్వాలు కట్టిన చేయి అతని ముఖం ముందు పెట్టింది.

"గుడికి పోయినంక విప్పు. ఇప్పుడైతే తాడు తొక్కుతున్నవ్, జరుగు."

అధ్యక్షుడు ఎగిరి పక్కకు దూకాడు.

రథం మళ్లీ నిలదొక్కుకోగానే, ఈసారి ఆమె చెక్కను ఏటవాలుగా దూర్చి, పిడిని మోకాలితో అదిమిపట్టింది. కుడి తాడు వాళ్లకు మాత్రమే సైగ చేసింది. ఎడమ చక్రం చెక్కకు ఆనుకుని ఆగిపోయింది. కుడి చక్రం కదిలింది, ఇంకొంచెం కదిలింది, రథం ముఖం మెల్లగా కొత్త వీధి వైపు తిరిగింది. మిద్దెల మీంచి పూలు కుమ్మరించారు. యశోద చెక్క లాగేసి నిలబడింది. ఆమెకు నవ్వు ఆగలేదు.

నర్సప్ప అప్పటికే తాడు చివర ఖాళీ చూసుకుని దూరాడు. మిగతావాళ్లలాగే ఆమె చేతి వైపు చూస్తూ సైగ కోసం నిలబడ్డాడు.